కిన్నెర మెట్లు, మా అత్తమ్మ క్యాసెట్టు

 

మొన్న పటాన్‌చెరు మార్కెట్టులో గుండ్రటి ఆనిగెపుకాయ ఒకటి కనబడింది. ఈ మధ్య మనకు దొరికేవన్నీ పొడుగు కాయలే కదా, చిన్న కడవలాగా ఉన్న ఆ కాయను చూసి ముచ్చటపడి బేరమాడాను. అమ్మే ముసలమ్మ, "ముదిరిపోయింది బిడ్డా, కూరకు రాదు. గింజలకు పెట్టుకో" అంది. అయినా తెచ్చాను. మావారు చూసి, "దీన్నేం చేస్తావు?" అన్నారు. "కిన్నెర చేస్తాను" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. కిన్నెర అంటే ఏమిటో ఆయనకు తెలియదు మరి. సంగారెడ్డి పక్కన పుట్టి పెరిగిన మనిషే!

ఈవేళ ఆ కిన్నెర గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను, పదో తరగతితో సరి. సంగీతం అంతకంటే రాదు. కనుక శ్రుతి, లయ అంటూ మిమ్మల్ని భయపెట్టను.

కిన్నెరలో ఏమేం ఉంటాయో చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. దాదాపు అంతా మన ఇంట్లో, పెరట్లో ఉండే సామానే. దండానికి వెదురుబొంగు. నాదం పలకడానికి దాని కింద ఎండబెట్టి, లోపల తొలిచిన సొరబుర్రలు. మెట్లను బొంగుకు అతికించడానికి తేనెమైనం. తీగలకు పూర్వం జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారట. తరువాత లోహపు తీగలు వచ్చాయి. మెట్లకు మాత్రం అడవికి వెళ్లవలసిందే. ఒళ్లంతా పెంకులు కప్పుకుని ఉండే అలుగు అనే జంతువు పొలుసులు వాడేవారు. అలుగును వేటాడడం ఇప్పుడు చట్టప్రకారం నేరం, కనుక ఆ మెట్లకు వేరే వస్తువులు వెతుక్కోవలసి వచ్చింది. ఇక అలంకారానికి పాత చీరపేలికలు, చిన్న అద్దాలు, గజ్జెలు, నెమలి ఈకలు. పెళ్లికూతురు చేతికి కూడా అన్ని హంగులు ఉండవేమో!

నాకు ఈ వాద్యం మీద ధ్యాస ఎందుకు పడిందో చెప్పాలి. మా పుట్టినిల్లు సదాశివపేట దాటాక ఒక చిన్న ఊరు. నాకు ఏడెనిమిదేళ్ల వయసులో, కోతలు అయిపోయిన రోజుల్లో, ఊరి చివర వాడలో నుంచి రాత్రిళ్లు ఏదో తీగ మోగుతూ ఉండేది. సన్నగా, గరగరమని, మధ్యలో ఒక మగగొంతు కథ చెబుతూ. నేను అరుగు మీద కూర్చుని వినేదాన్ని. మాటలు అందేవి కావు, తీగ మాత్రం అందేది. "పోయి చూసొస్తనే" అంటే మా నాయనమ్మ, "అది వాళ్ల కథ, మనం పోవద్దు" అనేది. ఎందుకు పోకూడదో అప్పుడు తెలియదు.

ఆ కిన్నెర డక్కలివారిది. డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. మాదిగ ఇళ్ల ముందే వారు వాయించాలి, వారి పుట్టుపూర్వోత్తరాలు, జాంబపురాణం చెప్పాలి, ఆ ఇళ్లలోనే గింజలు పుచ్చుకోవాలి. మన ఇళ్ల గడప ఎక్కరు, మనం వాళ్ల వాడకు వెళ్లం. అంటే ఎన్ని తరాలుగానో మన ఊళ్లోనే ఉన్న సంగీతాన్ని మనమే వినకుండా ఉండిపోయామన్న మాట. ఇప్పుడేమో "అయ్యో, అంతరించిపోతోందే" అని నొచ్చుకుంటున్నాం. ఇది కాస్త ఇబ్బందిగా ఉండే మాటే. అయినా దాటవేస్తే నేను చెప్పబోయేదానికి అర్థం ఉండదు.

కిన్నెర నిన్న మొన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు రాసిన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ ఉంది. కల్యాణ పట్టణంలో శివుని ముందు కిన్నెర వాయించేవాడు. ఆ కథలో మన వంటింటి ముచ్చట ఒకటి ఉందండోయ్. బ్రహ్మయ్యకు ఉల్లిగడ్డ అంటే ఇష్టం. ఒకసారి బసవన్న ఉల్లిని చిన్నచూపు చూసి ఏదో అన్నాడట. బ్రహ్మయ్యకు కోపం వచ్చి ఊరే విడిచి వెళ్లిపోయాడు. బసవన్న తప్పు తెలుసుకుని, ఉల్లికి పండుగ చేసినంత పనిచేసి, ఆయనను బతిమాలి వెనక్కు తెచ్చుకున్నాడు. ఆ కల్యాణమే నేటి బసవకల్యాణ్. మన పటాన్‌చెరు ముందు నుంచి పోయే బొంబాయి రోడ్డు పట్టుకుని సంగారెడ్డి, జహీరాబాదు, హుమ్నాబాదు దాటితే వస్తుంది. ఎంత దూరమని!

సరే, కథలోంచి మన కాలానికి వస్తాను. కిన్నెర అనగానే మీలో చాలామందికి దర్శనం మొగులయ్యగారు గుర్తుకు వచ్చి ఉంటారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట వారి ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. తండ్రితాతల నుంచి వచ్చిన విద్య. పండుగ సాయన్న కథ వారి నోట వినాలి. సాయన్న పాలమూరు ప్రాంతంలో ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడని చెప్పుకునే వీరుడు. ఇలాంటి కథలు ఏ పుస్తకం చూసి నేర్చుకునేవీ కావు. తండ్రి వాయిస్తుంటే పక్కన కూర్చున్న పిల్లవాడికి అన్నంతో పాటు వంటబట్టేవి.

2021 సెప్టెంబరులో భీమ్లా నాయక్ సినిమా పాట విడుదలైంది. దాని మొదట్లో ఒక ముసలి గొంతు, కిన్నెర మోత. ఆ గొంతు మొగులయ్యగారిదే. మా అబ్బాయి రోజంతా అదే పాట పెట్టాడు. నేను వంటింట్లో అట్ల పెనం మీద అట్టు వేస్తూ వేస్తూ ఆగిపోయాను. అట్టు మాడింది. ముప్ఫై ఏళ్ల కిందట మా అరుగు మీదికి వచ్చిన తీగ అది! 2022 జనవరిలో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామంది. మా కాలనీలో మిఠాయి పంచినంత సంబరపడ్డాం.

ఆ తరువాతి ముచ్చట కూడా మీకు తెలుసు. 2024 మే నెలలో పేపర్లలో ఒక ఫొటో వచ్చింది. అదే మొగులయ్యగారు హైదరాబాదు శివారు తుర్కయంజాల్ వైపు ఒక ఇల్లు కడుతున్న చోట కూలిపని చేస్తున్నారు. పద్మశ్రీ పొందిన మనిషి, డెబ్బై దాటిన మనిషి. వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులకు, పిల్లల పెళ్లిళ్లకు, వైద్యానికి కరిగిపోయిందన్నారు. మన ఇళ్లలో మాత్రం కరగదా? పీఎఫ్ డబ్బు వచ్చిన ఏడాదికి ఎంత మిగులుతుందో కంపెనీల్లో రిటైరైనవారి ఇల్లాళ్లను అడగండి. ఆ ఏడాదే ఆయనకు హయత్‌నగర్‌లో ఇంటి స్థలం పత్రాలు ఇచ్చారు. మంచిదే. కాని నాకు ఆ ఫొటో పోలేదు కళ్ల ముందు నుంచి. బిరుదు ఇచ్చాం, శాలువా కప్పాం. రేపు పొద్దున వాయించడానికి ఎవరి ఇంటి ముందుకు వెళ్లాలి ఆయన?

అసలు చిక్కు అక్కడుంది. పూర్వం కిన్నెరవానికి బిరుదులు లేవు, కాని ఊళ్లు ఉండేవి. ఏ కాలంలో ఏ ఊరికి పోవాలో, ఎవరి వాకిట్లో ఎన్ని గింజలు వస్తాయో లెక్క ఉండేది. తక్కువ చూపు, పేదరికం కూడా ఉన్నాయి, అది మంచి కాలమని నేను అననుగాక అనను. అయితే వినేవాళ్లు ఉండేవారు. మన వైపే చూడండి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది, ఆ తరువాత వరసబెట్టి మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. నక్కవాగు నీళ్లు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. మాకు అన్నం పెట్టింది కూడా ఈ కంపెనీలే, కాదనను. కాని ఒక్క సంగతి గమనించారా? కిన్నెర కథ ఒక పూటలో అయ్యేది కాదు. రాత్రంతా చెప్పాలి, ఊరంతా కూర్చోవాలి. మా కాలనీలో మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైటు షిఫ్టు. అందరూ కలిసి మేలుకుని ఉండే రాత్రి ఏడాదిలో ఒక్కటీ ఉండదు. సైరన్ మోగేసరికి కొందరు లేస్తారు, కొందరు పడుకుంటారు. ఇక కథ చెప్పేవాడు ఎవరికి చెబుతాడు?

ఇంకో దేశం సంగతి చెబుతాను, వినండి. మా పక్కింటివాళ్ల అమ్మాయి డాక్టరు చదువుకు యుక్రెయిన్ వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం రాగానే ఎలాగో సరిహద్దు దాటి, మార్చిలో ఇల్లు చేరింది. వాళ్ల అమ్మ పడిన బాధ మేమంతా చూశాం. అమ్మాయి కుదుటపడ్డాక ఒకరోజు మా ఇంటికి వచ్చి, మొగులయ్యగారి పాట వింటూ, "ఆంటీ, ఇలాంటివాళ్లు అక్కడ కూడా ఉన్నారు" అంది. కోబ్జారులంటారట వాళ్లను. కోబ్జా, బందూర అనే తీగవాద్యాలు వాయిస్తూ ఊరూరా తిరిగి వీరుల కథలు పాడే గుడ్డివాళ్లు. చేయి పట్టుకుని నడిపించడానికి ఒక పిల్లవాడు. వాళ్లకొక సంఘం, కట్టుబాట్లు, గురువు దగ్గర కొన్నేళ్ల శిష్యరికం. వింటుంటే నాకు మన వాడలోని మనిషి చెప్పినట్టే ఉంది.

ఆ తరువాత లైబ్రరీకి వెళ్లి, మా అమ్మాయి చేత ఇంగ్లీషు పుస్తకాలు చదివించుకుని ఇంకొంత తెలుసుకున్నాను. ఓస్తాప్ వెరెసాయ్ అనే ఒక గుడ్డి గాయకుడు, 1803లో పుట్టి 1890లో పోయాడు. ఆయన పాటలను లిసెంకో అనే సంగీత విద్వాంసుడు రాసి పెట్టాడు. 1908లో కొలెస్సా అనే పండితుడు ఫోనోగ్రాఫు పెట్టె మోసుకుని వెళ్లి, మైనపు గొట్టాల మీద ఆ పాటలు పట్టాడు. (కిన్నెరకూ మైనమే, ఆ పెట్టెకూ మైనమే!) ఆ పనికి డబ్బు ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? లేస్యా యుక్రయింకా అనే కవయిత్రి, ఆమె భర్త. ఆమె చిన్నప్పటి నుంచి క్షయరోగంతో బాధపడుతున్న మనిషి. డబ్బు ఇచ్చి ఊరుకోలేదు. యాల్టాలో ఉండగా ఒక ముసలి కోబ్జారును కూర్చోబెట్టి తానే స్వయంగా పాటలు పట్టింది. అప్పటికి ఆమె ఇంకా అయిదేళ్లు కూడా బతకలేదు, 1913లో పోయింది.

అయితే పెట్టెలో పట్టినంత మాత్రాన పాట బతికిందా? 1930లలో స్టాలిన్ ప్రభుత్వం కాలంలో ఆ గాయకుల వరుస దాదాపు తెగిపోయింది. దాన్ని మళ్లీ ముడివేసినవారిలో ఒకాయన హియోర్హీ త్కాచెంకో. వృత్తికి భవన నిర్మాణ శిల్పి, చిత్రకారుడు కూడా. కుర్రతనంలో గుడ్డి గాయకుల దగ్గర నేర్చుకున్న పాత పద్ధతిని విడవకుండా పెట్టుకుని, ముసలితనంలో కీవ్ నగరంలో కుర్రవాళ్లకు నేర్పాడు. 1993 దాకా ఉన్నాడు. ఆయన శిష్యుల్లో బుద్నిక్ అనే అతను చేతిపని తెలిసినవాడు. బందూరలు తయారుచేయడం తానే మొదలుపెట్టి, నేర్చుకోవడానికి వచ్చినవారు తమ వాద్యం తామే చేసుకోవాలని పట్టుబట్టాడు. బజారులో కొన్నది కాదు, చెట్టు నుంచి మొదలు. 2024లో యునెస్కో వారి పద్ధతిని మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది. నేర్పే పద్ధతిని, గమనించండి, వట్టి వాద్యాన్ని కాదు. అదీ యుద్ధం మధ్యలో.

మన దగ్గర మాత్రం చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు ఏళ్ల తరబడి ఊళ్లూ గూడేలూ తిరిగి మూలవాసుల వాద్యాలు సేకరించారు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారికి బుర్రవీణకు 2024లో పద్మశ్రీ వచ్చింది. వాద్యం దొరుకుతుంది, వాయించేవారిని గౌరవిస్తున్నాం. పక్కన కూర్చునే పిల్లవాడే కరువు. పక్కన కూర్చోమని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు తండ్రి, తాను కూలికి పోతూ?

ఇంతసేపు ఊరివాళ్ల మీదా సర్కారు మీదా చెప్పాను. ఇక నా తప్పు చెబుతాను.

మా అత్తమ్మది నారాయణఖేడ్ దగ్గర పల్లె. చదువు లేదు, పాటల పుట్ట. విసుర్రాయి పాటలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, బిడ్డను అత్తవారింటికి పంపే పాటలు. మా పెళ్లయిన కొత్తలో, 2003లో అనుకుంటాను, మావారు టేప్‌రికార్డరు కొన్నారు. సరదాకు అత్తమ్మను కూర్చోబెట్టి ఒక క్యాసెట్టు రెండు వైపులా పాటలు పట్టాను. ఆమె మొదట సిగ్గుపడింది. తరువాత తన గొంతు తానే విని పకపకా నవ్వి, "గీ డబ్బల నా గొంతు ఎన్నొద్దులుంటది బిడ్డా? నీ నోట్లె ఉంటె ఉంటది గని. జర నేర్సుకోరాదు" అంది. "సరే అత్తమ్మా, క్యాసెట్టు ఉందిగా, మెల్లగా నేర్చుకుంటాను" అన్నాను.

మరో రెండేళ్లకు కాబోలు, ఇంట్లో కొత్త క్యాసెట్టు లేదు. చుట్టాల అబ్బాయి కొత్త సినిమా పాటలు తెచ్చాడు. చేతికి అందిన క్యాసెట్టు ఇచ్చాను. పైన పేరు రాసుకోలేదు మరి. రికార్డు చేశాడు. అది ఏ క్యాసెట్టో నాకు తెలిసింది 2011లో, అత్తమ్మ పోయిన పదకొండో రోజున, ఆమె గొంతు విందామని మావారు అడిగినప్పుడు. మీట నొక్కితే డ్యాన్సు పాట వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. లేచి బయటికి వెళ్లిపోయారు. అంతే. ఆ క్యాసెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. పారేయలేను, పెట్టలేను.

అత్తమ్మ దగ్గర నేను నోటితో నేర్చుకున్నవి రెండు పాటలే. అవీ సగం సగం.

కిందటి బతుకమ్మ పండుగకు మా కాలనీలో ఎప్పటిలాగే పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టారు. తొమ్మిదింటికి కరెంటు పోయింది. అందరం పూల చుట్టూ చేతులు కట్టుకుని నిలబడిపోయాం. ఎవరో "పాడండి, పాడండి" అన్నారు. నేను ధైర్యం చేసి అత్తమ్మ పాట ఒకటి ఎత్తుకున్నాను. రెండు చరణాలయ్యాక మూడోది రాలేదు. నోరు తెరుచుకుని ఉండిపోయాను. అప్పుడు వెనక చీకట్లో నుంచి ఒక గొంతు ఆ మూడో చరణం అందుకుంది. అందుకుని ఇంక ఆపలేదు. తిరిగి చూస్తే, రోజూ మా వీధి ఊడ్చే ఆమె! ఆరేళ్లుగా పొద్దున్నే నాకు కనబడే మనిషి. "నీళ్లు తాగుతావా?" అన్నానే గాని, "పాట వచ్చా?" అని ఎన్నడూ అడగలేదు. ఆమెది అత్తమ్మ ఊరికి నాలుగు ఊళ్ల అవతల.

మరునాడు ఆమెను ఇంట్లోకి పిలిచి, కుర్చీ వేసి, పాటలు రాసుకుంటానన్నాను. ఆమె సూటిగా, "పాటకు పైసలిస్తరా అమ్మా? ఆదివారం నేను వేరే ఇంట్ల గిన్నెలు తోముత" అంది. నాకు ఒక్క క్షణం చివుక్కుమంది. పాటకు వెల ఏమిటి అనిపించింది. వెంటనే తుర్కయంజాల్ ఫొటో గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. గిన్నెలు తోమితే ఎంత వస్తుందో అడిగి, అంతకంటే కొంచెం ఎక్కువే ఇస్తానన్నాను. ప్రతి ఆదివారం పదింటికి వస్తుంది. ఆమె పాడుతుంది, నేను అంటాను, తప్పయితే మళ్లీ అనిపిస్తుంది. గట్టి పంతులమ్మ. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయబోతే, "గది తర్వాత, ముందుగాల నోటికి రానియ్" అంది. అచ్చం మా అత్తమ్మ మాట! పక్కింటి అమ్మాయి, మరో ఇద్దరు కూడా వచ్చి కూర్చుంటున్నారు. డబ్బు నలుగురం పంచుకుంటున్నాం కనుక ఎవరికీ బరువు కాలేదు.

నోటు పుస్తకంలో ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. ఆనిగెపుకాయ మేడ మీద ఎండుతోంది. కదిపితే లోపల గింజలు గలగలమంటున్నాయి. దాన్ని తొలిచి కిన్నెర చేసే విద్య నాకు రాదు గాని, గింజలు మాత్రం నాలుగిళ్లకు పంచుతాను.

ఒక విసుర్రాయి పాట మాత్రం మా ఇద్దరికీ పూర్తిగా రావడం లేదు. మంజీర ఒడ్డున ఎవరో వస్తుంటారు. విసురుతున్న కోడలు, వచ్చేది తన అన్నేమోనని రాయి ఆపుతుంది, అత్త గద్దిస్తుంది. అన్న వచ్చాడా లేదా అన్న చరణం దగ్గర ఇద్దరం ఆగిపోతున్నాం. మెదక్, సంగారెడ్డి, జహీరాబాదు వైపు పుట్టిన అక్కలెవరికైనా ఆ పాట తెలిసి ఉంటే, దయచేసి రేడియో కేంద్రానికి ఒక కార్డు రాయండి. ఆదివారం లోపల అందితే మరీ సంతోషం.